మూడో అంతస్తు లిఫ్టు తలుపుపై కేసు నిలుస్తుందా, నిలవదా

ఉచిత న్యాయ సహాయ కేంద్రం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: లిఫ్టు తలుపులో నా కుడిచేతి వేళ్లు నలిగిన సంగతి – భవనం యజమానిపై దావా వేయుటకు నాకు ఆధారం ఉన్నదో లేదో తేల్చి చెప్పుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను పళ్ల డాక్టరు గారి దగ్గర కట్టుడు పళ్లు తయారుచేయు పనిలో ఉన్నదానను. మైనాన్ని పన్ను ఆకారానికి చెక్కడం, చిగురు అంచు దిద్దడం నా పని. ఈ అర్జీ ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి కెలికినట్టుంటే మన్నించగలరు.

1. మా ఆసుపత్రి మూడో అంతస్తులో ఉన్నది. యజమాని, ఆయన తల్లి ఆ పై అంతస్తులో ఉంటారు. ఆ రోజు ఉదయం లిఫ్టులో ఆ పెద్దావిడా నేనూ ఉన్నాము. కట్టుడు పళ్లు కింది చిగురుకు ఒరుసుకుంటున్నాయని ఆవిడ మా దగ్గరికే వస్తున్నారు. ముందు నేను దిగాను. ఆవిడ చేతికర్ర ఊతంగా నెమ్మదిగా అడుగు వేస్తుండగా తలుపు మూసుకోసాగింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. మామూలుగా ఏదైనా తగిలితే ఆగాల్సిన తలుపు ఆగలేదు. వాచ్‌మన్ ఇనుప కడ్డీతో తెరిచేసరికి జరగాల్సింది జరిగిపోయింది. పెద్దాసుపత్రిలో చూపుడువేలు సగానికి తీసేశారు. మధ్యవేలు ఉన్నది గానీ వంగదు.

2. సదరు తలుపు పాడైనదని యజమానికి ముందే తెలియును. అంతకుముందు అదే తలుపులో నీళ్ల డబ్బా నలిగినప్పుడు తానే వెళ్లి చెప్పానని, "చూసుకుని నడవమను" అని ఆయన అన్నారని, నా చెయ్యి విడిపిస్తూ వాచ్‌మనే చెప్పాడు. ఇప్పుడు అడిగితే, "పిల్లలు గలవాణ్ణమ్మా, నన్నిందులోకి లాగకండి" అంటున్నాడు. అతని మీద నాకు కోపం లేదు.

3. యజమాని నన్ను చూడడానికి ఆ పెద్దాసుపత్రికి పళ్లబుట్ట పట్టుకుని వచ్చారు. దాన్ని నా కాళ్ల దగ్గర పెట్టి, "చెయ్యి పెట్టమని మీకెవరు చెప్పారమ్మా? ఇప్పుడా తలుపు నేను మార్పించుకోవాలి" అన్నారు. తన తల్లికి మతిమరుపనీ, ఆవిడకేమీ గుర్తులేదనీ కూడా సెలవిచ్చారు. ఏ పన్ను ఎప్పుడు ఊడిందో వరసగా చెప్పే మనిషికి మతిమరుపట. అన్నట్టు తలుపు ఇంకా మార్చలేదు. ప్రమాదం జరిగిన సాయంత్రమే తడిగుడ్డతో నెత్తురు తుడిపించి లిఫ్టు నడిపించారు. నా గోరు తలుపు సందులోనే ఉన్నదని మా ఆయన చూసి వచ్చారు.

4. తరువాత ఒక వకీలు గారిని సంప్రదించడమైనది. వారు కూరగాయ నాణ్యం చూసినట్టు నా చెయ్యి తిప్పి తిప్పి చూసి, "బొటనవేలు పోయుంటే కేసు బ్రహ్మాండంగా ఉండేదమ్మా" అని పెదవి చప్పరించారు. దెబ్బ పెద్దదిగా కనబడేందుకు మెడకు పట్టీ కట్టుకు తిరగమన్నారు. పెద్దావిడ ఆ లిఫ్టులోనే లేదని చెప్పమన్నారు. కావాలని చెయ్యి పెట్టానంటే తప్పు నా నెత్తికే చుట్టుకుంటుందట. మరి ఆవిడ లేకపోతే నేను చెయ్యి ఎందుకు పెట్టినట్టని అడిగాను. అది తర్వాత చూసుకుందామన్నారు. ఇంటికి వచ్చి, ఆ వకీలు గారు పట్టుకున్న చేతిని సబ్బుతో కడుక్కున్నాను. ఎంత కడిగినా రోత పోలేదు.

5. మా డాక్టరు గారు మంచివారే. నన్ను తీసెయ్యకుండా ఫోను దగ్గర కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లు పళ్ల సంగతి మానేసి, "ఏదీ, చూడనివ్వండి" అంటున్నారు. వింత జంతువునైపోయాను. కేసు వెయ్యాల్సిందేనని మా ఆయన, కోర్టు మెట్లెక్కితే ఉన్న మనశ్శాంతి కూడా పోతుందని మా అత్తగారు. ఇద్దరికీ నా మీద ప్రేమే. ఎవరి మాట వినాలో నాకు పాలుపోవడం లేదు.

కావున తమరు ఒక్క సంగతి తేల్చి చెప్పవలెను. తలుపు చెడినది నిజం. యజమానికి తెలిసినది నిజం. నా పని పోయినది నిజం. చెయ్యి నేనే పెట్టినదీ నిజమే. కళ్లెదుట ఒక మనిషి నలిగిపోబోతుంటే చెయ్యి చాచడం చట్టం దృష్టిలో అజాగ్రత్తా? అయితే అయిందని సూటిగా చెప్పండి, ఊరుకుంటాను. మెడకు పట్టీ మాత్రం కట్టుకోను.

నా మొర ఆసాంతం చదివి, ఉన్నదున్నట్టు సెలవిచ్చెదరని నమ్ముతూ, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కట్టుడు పళ్లు చేసే మనిషి

తా.క.: ఇది తమ గుమాస్తా గారికి ఇవ్వబోతుండగా ఆ పెద్దావిడ టాక్సీ దిగి వచ్చారు. మా ఇంటికి వెళ్లి, నేనిక్కడికి వచ్చానని మా అత్తగారిని అడిగి తెలుసుకున్నారట. "నువ్వు చెయ్యి పెట్టకపోతే అది నా డొక్కలో దిగేది. సాక్షిగా నన్ను రాయమ్మా" అన్నారు. మళ్లీ ఆ ఇంటికే వెళ్లాలి కదా, ఆలోచించుకోండి అన్నాను. "ఆలోచిస్తూనే ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను. నా మీద నాకే అసహ్యమేస్తోంది" అన్నారు. సాక్షి: యజమాని గారి కన్నతల్లి. రాశాను. ఇద్దరమూ తమ గది బయట బెంచీ మీదే ఉన్నాము. ఆవిడ సంచీలో ఫోను మోగుతోంది. కొడుకే. ఆవిడ ఎత్తడం లేదు గానీ మాటిమాటికీ సంచీ వంక చూస్తున్నారు. కొంచెం తొందరగా లోపలికి పిలవండి.