తెల్లదా, నల్లదా తేలేదాకా

గూడూరు

ప్రియమైన హజరత్తయ్యకు,

హబీబ్ రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నన్ను తిట్టేవాడు లేక మార్కెట్లో పొద్దు పోవడం లేదు, అంతే.

చించెయ్యకుండా చదువు. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు. "తెల్ల కన్సోలు ఎక్కువ అమ్ముడుపోతాదో, నల్లది ఎక్కువ అమ్ముడుపోతాదో తేలేదాకా నీతో మాట్లాడను. కసుమూరు దర్గా మీద ఒట్టు!" అని మా వసారాలో నిలబడి అరిచి వెళ్లావు. ఆ దర్గాలో మొక్కుకుంటే పుట్టావనే కదా మీ అమ్మ నీకా పేరు పెట్టింది. ఆ ఒట్టు నువ్వు తప్పవని నాకు తెలుసు. అందుకే మా ఆవిడ నూర్జాన్‌ను అడిగాను. రాయడం మాట్లాడటం కిందికి రాదని తేల్చింది.

యాభై దాటిన మనం టీవీకి తగిలించే ఆటపెట్టెల కోసం విడిపోయామంటే ఎవరైనా నవ్వుతారు. ఇంతకీ ఆ కంపెనీలు వాటిని ఇంకా ఏళ్లతరబడి అమ్ముతాయట. అమ్మకం ఆపేసిన రోజున గానీ మొత్తం లెక్క తేలదు. మన బిడ్డ సాహిరా నిఖా వచ్చే నెలలోనే. ఆ సాయంత్రం నిన్ను పిలిచింది ఆ కబురు చెబుదామనే. నేను నోరు తెరిచేలోపే నువ్వు ఒట్టేశావు.

కాబట్టి ఇప్పుడే అంచనా కట్టి, దానికే కట్టుబడదాం. ఒక్క బస్తా విప్పి లారీ నిమ్మకాయలకు ధర కట్టేవాణ్ణి నేను. మా వీధిని ఒక బస్తా అనుకున్నాను. తెల్లవి మూడు, నల్లది ఒకటి. ప్రపంచమంతా అంతే. ఓడిపోయానని ఒప్పుకుని వచ్చెయ్.

ఇట్లు,
నీ హబీబ్

తా.క. ఆ మూడింట్లో రెండు మా ఇంట్లోవే. అయినా బస్తా బస్తానే.

*

కోవూరు

హబీబ్‌కు,

హజరత్తయ్య రాయునది. రాస్తే ఒట్టు చెడదని మా ఆవిడ ఇందిరమ్మ కూడా అన్నది కనుక రాస్తున్నాను. సంబరపడకు.

బస్తా పైన మంచి కాయలు పరిచి అడుగున మచ్చకాయలు దాచే మార్కెట్ మీది. గట్టు పక్క పైరు చూసి దిగుబడి చెప్పే రకం కాదు నేను, చేను మధ్యకు దిగి చూస్తాను. మా వీధిలోకీ అట్లాగే దిగాను. మాల్యాద్రి ఇంట్లో తెల్లది. మిగతావన్నీ నల్లవే.

నాట్లప్పుడు నెల్లూరు నుంచి ఒక అబ్బాయి ఆటపెట్టెల సర్వే అని వచ్చాడని నీకు ఫోన్లో చెప్పాను, గుర్తుందా? వాడూ తెల్లదే గెలుస్తుందన్నాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నేను అరుస్తూనే ఉన్నాను, వాడు గొంతు పెంచలేదు, మాటా మార్చలేదు. అన్నం పెడితే తిని కంచం తనే ఎత్తాడు. అంత మంచివాడికే లొంగలేదు, నీకు లొంగుతానా?

సాహిరాకు నా దీవెనలు. దానితో నాకు గొడవ లేదు.

ఇట్లు,
హజరత్తయ్య

తా.క. "మిగతావన్నీ" అంటే రెండు. ఒకటి మాది. రెండోది గంగాధరం చేత నేనే కొనిపించాను. దాన్ని మోసం అనరు, నాటు వేయడం అంటారు.

*

గూడూరు

ప్రియమైన హజరత్తయ్యకు,

నీ ఉత్తరం నూర్జాన్‌కు చదివి వినిపించాను. "బిడ్డ పెళ్లి పెట్టుకుని ఆడే ఆటలా ఇవి?" అని నా మీద పడింది. సరే. నల్లదే గెలుస్తుంది. పది కోట్లు అమ్ముడవుతుంది. తెల్లది అందులో సగం కూడా అమ్ముడుపోదు. ఇక తేలిపోయింది కదా, ఫోన్ ఎత్తు.

ఇట్లు,
ఓడిపోయిన హబీబ్

తా.క. పది కోట్లన్నది నోటికొచ్చిన అంకె. చాలకపోతే పెంచుకో.

*

కోవూరు

హబీబ్‌కు,

నా మీద జాలిపడి గెలిపిస్తావా? దర్గా మీద వేసిన ఒట్టు దొంగ లెక్కతో తీరుతుందా? ఉత్తరం చదివి మజ్జిగ కూడా తాగలేదు నేను.

నిజాయితీగా మళ్లీ ఆలోచించాను. మా నల్లది ఇప్పుడు ఇంట్లో లేదులే. వారం నుంచి మాల్యాద్రి ఇంట్లో తెల్లదాని మీదే ఆడుతున్నాను. బాగుంది. చెప్పడానికి మనసొప్పడం లేదు గానీ గెలిచేది తెల్లదే. దమ్ముంటే నిజాయితీగా కాదని చెప్పు.

ఇట్లు,
హజరత్తయ్య

తా.క. నేను రాకపోయినా తాను ఆటోలో వచ్చి నా వంతు బిర్యానీ కూడా తినేస్తానంటోంది ఇందిరమ్మ.

*

గూడూరు

ప్రియమైన హజరత్తయ్యకు,

"నల్లది ఇంట్లో లేదులే" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. వడ్లకు ధర రాలేదా? అమ్ముకున్నావా? అంత కష్టం వస్తే నాకు చెప్పకూడదా? ఒట్టు మాట్లాడకూడదని గానీ, అడగకూడదని కాదు కదా.

బస్సులో కొత్త నల్లది పంపుతున్నాను. గెలిచేది నల్లదే. నువ్వు తెల్లదని ఎంత మొత్తుకున్నా నేను ఒప్పుకోను.

ఇట్లు,
హబీబ్

తా.క. లోపలేముందని కండక్టర్ అడిగితే నిమ్మకాయ పచ్చడి అన్నాను. రుచి చూపించమంటే చూపించకు.

*

కోవూరు

హబీబ్‌కు,

పంట బాగానే ఉంది. ఎలుక వైరు కొరికితే పెట్టెను బాగుచేయడానికి ఇచ్చాను, అంతే. నీ పెట్టె చూసి ఇందిరమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదని రాస్తే అబద్ధమవుతుంది.

ఇక దాచను. మన గొడవ పెట్టెల కోసం కాదు. ఆ రోజు మధ్యాహ్నమే మీ మార్కెట్లో కాటా దగ్గరివాడు "మీ హబీబ్ కూతురికి సంబంధం కుదిరినాదంట గదా, నీకు తెలీదా?" అన్నాడు. నాకు తెలియదు. ఆసుపత్రిలో సాహిరాను నీకంటే ముందు ఎత్తుకున్నవాణ్ణి. దాని పెళ్లి సంగతి నాకు కాటావాడు చెప్పాలా? సంబంధం చూసేటప్పుడు నన్నొక్క మాట అడగాలనిపించలేదా? మీ వసారాలో ఏడిస్తే బాగుండదని ఆటపెట్టెల మీద అరిచాను. చాలా బాధేసింది హబీబ్.

నిఖాకు వస్తాను. వెనక వరుసలో కూర్చుంటాను. ఒట్టు మాత్రం ఒట్టే. లెక్క తేలడానికి పదేళ్లు పడితే పదేళ్లూ నీతో మాట్లాడను.

ఇట్లు,
హజరత్తయ్య

తా.క. పెట్టె బాగా పనిచేస్తోంది. తిరిగి ఇవ్వను.

*

గూడూరు

నా హజరత్తయ్యకు,

నిన్ను అడగకుండా సాహిరాకు సంబంధం చేస్తానని ఎట్లా అనుకున్నావురా?

కోవూరులో మావాడు సరేనంటేనే అని పెళ్లివారికి మొదటి రోజే చెప్పాను. కానీ ముందే నీకు చెబితే ఇస్త్రీ చొక్కా వేసుకుని మర్యాదగా కూర్చుంటావు. ఎదురుగా అబ్బాయీ మర్యాదగానే కూర్చుంటాడు. ఎవరి గుణమూ బయటపడదు. అందుకని అబ్బాయికే ఒక మాట చెప్పి పంపాను. "సర్వే అని చెప్పు. తెల్లదే గెలుస్తాదను. ఆయన ఎంత అరిచినా గొంతు పెంచబాక" అన్నాను.

ఆ రాత్రి నువ్వే ఫోన్ చేశావు. "పెట్టెల సంగతి వాడికేం తెలీదు గానీ, బంగారం లాంటి పిల్లోడురా. వాడికి పిల్లనిచ్చేవోడు అదృష్టవంతుడు" అన్నావు. ఫోన్ పెట్టేసి ఆ నిమిషమే పెళ్లివారికి సరేనని కబురు చేశాను. నీ నోటితో నువ్వే కుదిర్చిన సంబంధం ఇది. నిన్ను వసారాలో కూర్చోబెట్టి ఈ మాట చెప్పి నవ్వుకుందామనే ఆ సాయంత్రం పిలిచాను. ఆ కాటావాడి నోరు నాకంటే ముందుంటుందని అనుకోలేదు.

ఇట్లు,
ఎప్పటికీ నీ హబీబ్

తా.క. ఆ అబ్బాయి పేరు అమీర్ బాషా. వాడు నమ్మేది నల్లదాన్నేనట! పిల్లనిస్తానన్నానని నా మాట మీద తెల్లదన్నాడు.

ఇంకో తా.క. ఈ కవరు మీద స్టాంపు లేదు, చూశావా? తల ఎత్తు. తెచ్చి ఇచ్చినవాడు వాడే. వాడితో మాట్లాడనని నువ్వు ఒట్టు వేయలేదు. నేను మీ వీధి మొదట్లో ఆటోలో ఉన్నాను. పెళ్లి బట్టలకు నెల్లూరు పోవాలి, నువ్వు లేకుండా రంగు కుదరదు. నాతో ఏం మాట్లాడొద్దు. వచ్చి పక్కన కూర్చో.