బ్రష్షు తుడిచిన గుడ్డలు

యాదమ్మా,

దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలకు నలభై ఏళ్లు బోర్డులు రాశాను. నువ్వు ఒక్కదాన్నీ తలెత్తి చూడలేదు. నువ్వు పోయి మూడేళ్లయినా నాకా కోపం పోలేదు.

మన బిడ్డ వేసిన బొమ్మలు ఎల్‌బీ నగర్‌లో ప్రదర్శనకు పెట్టారు. మోకాళ్లు లాగుతున్నా మెట్లెక్కి చూశాను. అన్నీ రంగు మరకలే.

"ఇవి యాడ చూసి ఏసినవ్ బిడ్డా?"

"అమ్మ కుట్టిన బొంతల చూసిన నాయినా. నువ్వు బ్రష్షు తుడిచి పారేసిన గుడ్డలన్నీ ఉతికి కుట్టింది. 'నాయినకు చెప్పకు, నెత్తికెక్కి కూసుంటడు' అన్నది."

ఆ బొంత మీదే ఇన్నేళ్లు పడుకున్నాను. నేనూ ఒక్కనాడూ చూడలేదు.

నెత్తికెక్కేవాణ్ణే. అయినా నా బోర్డులు నీకు నచ్చాయా, లేదా? ఆదివారం బొమ్మలు దించేస్తారు. ఆలోపు కలలోకైనా వచ్చి చెప్పు.