కళ్ళు పొడిబారాయంట

లేదు నాన్నా, నేనేం ఏడవలేదు. నువ్వు అడగలేదనుకో. నిన్న వీడియో కాల్లో నువ్వు చూసింది ఏడుపు కాదు, కళ్ళు వాటంతటవే కారుతున్నాయి. షాపులో రోజంతా భూతద్దంలోంచి ఫోన్లు రిపేరు చేస్తూ రెప్ప వేయడం మర్చిపోతున్నానంట. కళ్ళు పొడిబారాయి, అందుకే నీళ్ళు కారుతున్నాయని ఆయుర్వేదం డాక్టరు చెప్పాడు. పొడిగా ఉంటే నీళ్ళెలా వస్తాయని అడుగుదామనుకున్నా, సిగ్గేసి ఊరుకున్నా. మధ్యమధ్యలో కళ్ళు మూసుకోమన్నాడు, పడుకునేముందు అరికాళ్ళకి నెయ్యి రాసుకోమన్నాడు. రాసుకుంటుంటే రూములో నా పక్క మంచం అన్న, "ఏరా, నీ కాళ్ళు రొట్టెలోకి నంజుకోమంటావా?" అని ఒకటే నవ్వు. కళ్ళు కుదుటపడకపోతే ఇంటికి పంపించేస్తానని ఓనరు అన్నాడు. నాకు రావాలని లేదు నాన్నా, ఇప్పుడిప్పుడే పనిలో చెయ్యి తిరుగుతోంది. బాగా అలిసిపోయాను, అంతే. అమ్మకి చెప్పకు, కంగారు పడుతుంది. ఇంట్లో కాచిన నెయ్యి ఉంటే చిన్న సీసాడు పంపు. చెల్లికి జ్వరం తగ్గిందా? నానమ్మని అడిగానని చెప్పు. కాల్ పెట్టేసే ముందు నువ్వు అటు తిరిగి తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నావు, నేను చూశా. నీవి కూడా పొడిబారాయా నాన్నా?