మెడలో అట్టముక్క

మునిరత్నం,

ఇవాళ ఎయిర్‌ఫోర్సు ఎక్సర్‌సైజులో నేను చచ్చిపోయాను. సైరన్ మోగి ఉత్తుత్తి యుద్ధం మొదలైంది. విమానం టైరు మారుస్తుంటే, పరీక్షించే ఆఫీసరు వచ్చి ‘చనిపోయాడు’ అని రాసిన అట్టముక్క నా మెడలో వేశాడు. రెక్క కింద పడుకున్నాను. మనవాళ్లు నన్ను దాటుకుంటూ తిరిగి, విమానాన్ని టైముకే సిద్ధం చేశారు. మెప్పు కూడా దక్కింది.

ఎక్సర్‌సైజు ముగిసిందని విజిల్ వినగానే తోటి మెకానిక్ రమణ, “లెయ్యప్పా, టీ తాగుదాం” అని నవ్వాడు.

నిజంగానే నీ గుండె ఆగి నువ్వు ఇలాంటి రెక్క కిందే కూలిన రోజు కూడా విమానం టైముకే సిద్ధమైంది.

సెలవుకు పూతలపట్టు వెళ్లినప్పుడల్లా మీ నాయన ఒకటే అడుగుతాడు: “మావోడు పడిపోయినాక పనన్నా ఆపినారా అబ్బయ్యా?”

ఇన్నాళ్లూ ఆపినామనే చెప్పాను. ఈసారి ఏం చెప్పమంటావు?