తూర్పు గేటు గొళ్ళెం

టైలరు షాపు నుంచి,
నవంబరు 12, బుధవారం.

బావకు,

పదకొండేళ్ళ తర్వాత నా దస్తూరీ చూసి, కవరు చింపకుండానే అవతల పారేస్తావేమోనని చిరునామా చెల్లెలి పేరున రాశాను. అది చదివి నీ చేతికిస్తుందని ఆశ. నీ నడుము నొప్పి, చెల్లి మోకాళ్ళు కాస్త కుదుటపడి ఉంటాయని తలుస్తున్నాను. నమస్కారాలూ ఆశీస్సులూ రెండూ పంపుతున్నాను, ఎవరికి చెందినవి వాళ్ళు తీసుకోండి.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలి కదా తర్వాత. చెయ్యి రావడం లేదు బావా. మన గొళ్ళెం పోయాడు.

పేపర్లో చూసే ఉంటావు. ఆఖరి పేజీలో అడుగున, నాలుగే లైన్లు వేశారు. పద్నాలుగేళ్ళు ఒకే ఫుట్‌బాల్ క్లబ్బుకి డిఫెండరుగా ఆడిన మనిషికి నాలుగు లైన్లు! గోల్స్ కొట్టేవాళ్ళకి ఫోటోలు, గోలు ఆపినవాడికి మూల. బతికున్నప్పుడూ అంతే కదా.

పోయిన గురువారం పొద్దున్న పాల ప్యాకెట్లు పట్టుకుని మెట్లెక్కుతూ, రెండో అంతస్తు మలుపులో కూర్చుండిపోయాడట. మళ్ళీ లేవలేదు. నలభై ఎనిమిదేళ్ళు. మనకంటే ఎంత చిన్నవాడు! అరిచి అరిచి గొంతులు పాడుచేసుకున్న మనం మిగిలాం, పరుగులు తీసినవాడు పోయాడు.

ఆ కబురు నాకు తెచ్చింది స్టేడియం వాచ్‌మన్. షాపులోకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఏం, మళ్ళీ పొట్ట పెరిగిందా, ప్యాంటు వదులు చెయ్యాలా అని ఎగతాళి చేశాను. వాడు ఏడ్చేశాడు. ఏమైందని అడుగుతూనే ఉన్నాను, కాలు మాత్రం మిషను మీద ఆడుతూనే ఉంది. వాడు చెప్పేసరికి సూది కింద ఉన్న చొక్కా చెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకి కుట్టేశాను. చెయ్యి దూరే దారి లేకుండా మూసుకుపోయింది. ముప్పై ఆరేళ్ళ పనిలో అలాంటి పని ఎప్పుడూ చెయ్యలేదు. మొన్నటిదాకా అది విప్పబుద్ధి కాలేదు. ఆ చొక్కాగలాయన రెండుసార్లు వచ్చి తిట్టి వెళ్ళాడు.

అంతిమయాత్రకి మన తూర్పు స్టాండు జనమంతా వచ్చారు. నేను లైనింగు గుడ్డ చించి నల్ల బ్యాండ్లు కుట్టాను, అవి చాలకపోతే జేబురుమాళ్ళు కట్టుకున్నారు. వ్యాను స్టేడియం పక్కనుంచి పోతుంటే డ్రైవరు ఎవరూ చెప్పకుండానే మన గేటు దగ్గర ఆపాడు. గొళ్ళెం పడింది అని అరవాలి కదా అక్కడ. ముసలాళ్ళు, కుర్రాళ్ళు, అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ అరుపు ఎత్తుకునేవాడివి నువ్వు బావా. నువ్వెత్తుకుంటేనే మాకు అందుకోవడం తెలుసు. కాసేపు చూసి వ్యాను కదిలిపోయింది.

ఆ పేరు పెట్టిందే నువ్వు, నీకు నేను చెప్పడమేమిటి. అయినా రాయాలనిపిస్తోంది, రాయనీ. వాడి మొదటి సీజను. మైదానానికీ స్టాండుకీ మధ్య మన వరసల కింద ఉన్న చిన్న చెక్క గేటు గాలికి టపాటపా కొట్టుకుంటోంది. మ్యాచి అయిపోయింది, మన మీద ఒక్క గోలు కూడా పడలేదు. అందరూ లోపలికి పోతుంటే ఈ పొడుగాటివాడు మాత్రం బురద కాళ్ళతో ఇటొచ్చి, గేటు దగ్గరకి వేసి గొళ్ళెం పెట్టి, పనైపోయింది అన్నట్టు చేతులు దులుపుకున్నాడు. నువ్వు బెంచీ ఎక్కి, గొళ్ళెం పడిందిరోయ్, ఇక ఎవడొస్తాడో రమ్మనండి అని కేక పెట్టావు. స్టాండు స్టాండంతా ఘొల్లుమంది. అప్పట్నుంచీ గోలు ఇవ్వని ప్రతి రోజూ వాడు వచ్చి ఆ గొళ్ళెం పెట్టి వెళ్ళాల్సిందే. అది పడితేగానీ మనం ఇళ్ళకి కదిలేవాళ్ళం కాదు. చెల్లి అన్నం పెట్టుకుని కూర్చుని నిన్నూ నన్నూ కలిపి తిట్టేది.

వాడి పెళ్ళికి కోటు నేనే కుట్టాను కదా. కొలతలు తీస్తుంటే కుడి భుజం ఎడమదానికంటే అర అంగుళం కిందికి ఉంది. ఏంటయ్యా ఇది అంటే, ఎన్ని కార్నర్లు, ఎంతమంది దీని మీద పడ్డారో లెక్కేస్తే మీకే తెలుస్తుంది అన్నాడు. ఎవరికీ తెలియకుండా ఆ భుజంలో కాస్త దూది ఎక్కువ పెట్టాను. మొన్న పెట్టెలో వాడికి ఆ కోటే తొడిగారు. అందరూ మొహం చూస్తున్నారు, నేను మాత్రం ఆ భుజం చూస్తూ నిలబడ్డాను.

ఇక ఆ ఆఖరి మ్యాచి సంగతి. ఎన్నిసార్లు దాటేద్దామన్నా కలం అక్కడికే పోతోంది. డ్రా అయినా చాలు, పై డివిజన్లో ఉండిపోతాం. ఇంకొక్క నిమిషం. వాడు కీపరుకి తలతో వెనక్కి ఇచ్చిన బంతి సగం దూరంలో ఆగిపోయింది. తర్వాత నీకు తెలుసు, గోలు పడింది, కింది డివిజన్లోకి జారిపోయాం. విజిలయ్యాక వాడు అలవాటు ప్రకారం గేటు వైపు రెండడుగులు వేసి, గుర్తొచ్చినట్టు ఆగి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆడలేదు. నువ్వు బెంచీ మీదే ఉండిపోయావు. పద బావా అంటే, నువ్వు వెళ్ళు, నాకు కాళ్ళు రావడం లేదన్నావు.

తెల్లారి చూస్తే గేటుకి గొళ్ళెం లేదు. నాలుగు స్క్రూ చిల్లులు మిగిలాయి. కింద గడ్డిలో నీ స్క్రూడ్రైవరు, పిడికి ఎర్ర టేపు చుట్టినది. నువ్వు నడిపే బస్సులో ఏ చిన్న రిపేరొచ్చినా నువ్వు జేబులోంచి తీసే స్క్రూడ్రైవరు అది. మన అభిమానుల సంఘంలో దాన్ని గుర్తుపట్టనివాడు లేడు. పైగా ఆఖరున లేచింది నువ్వేనని వాచ్‌మన్ చెప్పాడు. హోటలు వెనక గదిలో మీటింగు పెట్టారు. పేరు పెట్టినవాడే పరువు తీశాడు, కోపముంటే తిట్టు, గొళ్ళెం పీకుతావా అని తలో మాటా అన్నారు. నువ్వు ఒక్కసారి నా వైపు చూశావు. ఆ తర్వాత కుర్చీ వెనక్కి జరిపి లేచి వెళ్ళిపోయావు. కార్యదర్శిని నేను. నిన్ను సంఘంలోంచి తీసేసినట్టు పుస్తకంలో నా చేత్తోనే రాశాను. నెల తిరక్కుండా నువ్వు వేరే డిపోకి బదిలీ చేయించుకున్నావు. చెల్లి అప్పట్నుంచీ నా గడప తొక్కలేదు.

ఇప్పుడు అసలు కబురు. ఆదివారం సంఘం తరఫున అయిదుగురం వాడి ఇంటికి పరామర్శకి వెళ్ళాం. చిన్న ఇల్లు, మూడో అంతస్తు. గోడల మీద ఒక్క కప్పు లేదు, ఒక్క ఫోటో లేదు. వాడి భార్య మంచినీళ్ళిచ్చింది. గ్లాసు కింద పెడుతూ నేను తలుపు వైపు చూశాను. వీధి తలుపుకి లోపలి వైపు మన గేటు గొళ్ళెం ఉంది.

అదే. పచ్చ రంగు పెచ్చులూడి, కొక్కెం చివర నలిగి ఉంటుంది చూడు, అదే. అయిదుగురం అటే చూస్తున్నాం. ఆవిడ మా చూపు పట్టింది. మీ స్టాండు వాళ్ళే పంపారండీ, ఆయన ఆట మానేసిన వారానికి పోస్టులో వచ్చింది, పేరు లేదు, ఉత్తరం ముక్క కూడా లేదు అంది. విప్పి చూసి గంటసేపు ఆయన నోరు విప్పలేదట. ఏమిటండీ అది అంటే వినిపించుకోలేదట. తర్వాత లేచి, తూర్పు స్టాండు వాళ్ళు నాకు కానుక పంపారే, ఇక ఇది మన ఇంటికి వెయ్యమని, అంటూ తనే తలుపుకి బిగించాడట. పదకొండేళ్ళూ రోజూ పడుకోబోయే ముందు ఆ గొళ్ళెం ఆయనే పెట్టాలి, ఇంకొకళ్ళు పెడితే ఊరుకునేవాడు కాదట. మీరంతా నన్ను తిట్టుకుంటూ ఉంటారని బాధపడేవారండీ, ఇది చూసుకుని ఊరట పడేవారు అంది.

మా వాళ్ళందరికీ ఒకేసారి వెలిగింది. నువ్వు దొంగతనం చెయ్యలేదు, పరువూ తియ్యలేదు, ప్రేమగా కానుక పంపావు, మేమే గుడ్డివాళ్ళలా నిన్ను గెంటేశాం అని. సంఘం పెద్దాయన మెట్ల మీదే కళ్ళు తుడుచుకుని, ఎంత పాపం చేశామయ్యా అన్నాడు. సోమవారం మీటింగులో నీ పేరు మళ్ళీ చేర్చారు. ఆ పాత పేజీ కొట్టేసి కింద క్షమాపణ రాశారు. అదీ నేనే రాశాను.

ఈ ఆదివారం కాదు, పై ఆదివారం, ఇరవై మూడున, వాడి జ్ఞాపకంగా మ్యాచి. ఆవిడ గొళ్ళెం తిరిగి ఇస్తానంది. ఒకటే కోరిక, దాన్ని పంపినాయన చేత్తోనే గేటుకి బిగించి, ఆయన చేత్తోనే పెట్టించండి అంది. కాబట్టి బావా, నువ్వు రావాలి. చెల్లిని తీసుకురా. పాత సీటు నీకోసం ఉంచారు, మూడో వరస, చివర. అరుపు నువ్వెత్తుకో.

ఇట్లు,
నీ బావమరిది,
టైలరు.

తా.క. — ఈ ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, జిగురు రాసి, మళ్ళీ చింపాను. మొహం చూసి చెప్పలేనిది కాగితం మీద కూడా దాటేశాను చూడు. ఇంత పిరికిపంద అన్నని చెల్లి కూడా చూడనీ. ముందు చదివేది అదే కదా.

ఆ స్క్రూడ్రైవరు ఆ రోజు నీ దగ్గర లేదు. అంతకు రెండు రోజుల ముందు నా కుట్టుమిషను బిగించుకోవడానికి నేను తెచ్చుకున్నాను. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. అందుకే కదా మీటింగులో నువ్వు నా వైపు చూసింది. చెప్తానేమోనని చూశావు. నేను పుస్తకం తెరిచి తారీకు వేశాను. పెళ్ళాం తోడబుట్టినవాడిని అందరిలో పట్టివ్వలేక నువ్వు ఆ నింద మోసుకుని ఊరు దాటావు. చెల్లికి కూడా చెప్పి ఉండవు, నీ సంగతి నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే జెండాలు విప్పి తెచ్చుకునే వంకతో వెళ్ళి, ఆ గొళ్ళెం పీకింది నేను. కానుకా నా మొహమా! ఒళ్ళు మండిపోయి పీకాను, ఆ కోపంలో నీ స్క్రూడ్రైవరు గడ్డిలోనే మర్చిపోయాను. నీ పని అయిపోయిందిరా, నీ గొళ్ళెం నువ్వే ఉంచుకో అని మనసులో అనుకుంటూ పార్సిలు కట్టి పోస్టులో వేశాను. మాట ఎందుకు, వస్తువు చూస్తే అర్థమవుతుందిలే అనుకున్నాను. వాడికి అర్థమయ్యే ఉంటుంది బావా. ఆ గంటసేపు వాడు నోరు విప్పలేదంటే ఇంకేముంటుంది. అర్థమయ్యాక దాన్ని కానుక అని భార్యకి చెప్పి తలుపుకి బిగించుకున్నాడు. ఆ గంట నన్ను కూర్చోనివ్వడం లేదు, నిలబడనివ్వడం లేదు.

ఆదివారం గేటు దగ్గర అందరికీ నేనే చెప్తాను. అంతకంటే ముందు, శనివారం, ఆవిడ ఇంటికెళ్ళి ఆవిడకి ఒంటరిగా చెప్తాను. కానుక అని నమ్మిన మనిషికి అది చెప్పడం అంటే వాడిని ఇంకోసారి కొట్టినట్టే. కానీ చెప్పకపోతే దండ నీ మెళ్ళో అబద్ధంగా పడుతుంది, నింద పడ్డట్టే. పదకొండేళ్ళు మోసినవాడికి మళ్ళీ ఇంకోటి ఎత్తలేను. ముందు నీకు చెప్పకుండా వాళ్ళకి చెప్తే అదీ తప్పేనని ఇది రాస్తున్నాను.

స్క్రూడ్రైవరు నా దగ్గరే ఉంది. సంఘం వాళ్ళు సాక్ష్యమని ఇస్తే మిషను సొరుగులో పెట్టాను. టేపు రెండుసార్లు ఊడిపోతే అదే ఎరుపు వెతికి తెచ్చి చుట్టాను. ఇరవై మూడున తెచ్చి నీ చేతిలో పెడతాను. నన్ను తిట్టాలనుకుంటే అక్కడే అందరిలో తిట్టు. స్క్రూలు మాత్రం నువ్వు బిగించు. గేటు కొట్టుకోకుండా నేను పట్టుకుంటాను.