పాలిష్ పెట్టిన చెప్పులు

మన సుజాత బాపూ,

జిల్లాలో నీలా సైన్యంలో చేసిన ఏ మాజీ ఫౌజీ పోయాడని తెలిసినా నువ్వు ముందు బూట్లకు పాలిష్ పెట్టేవాడివి. చావింటి బయట విడిచే బూట్లకు ఇంత సోకెందుకని నేను దెప్పేదాన్ని. "ఫౌజీ ఇంటికి గట్లనే పోవాలె" అనేవాడివి. వెళ్లి, సర్కారు ఇచ్చే అంత్యక్రియల సాయం గురించి అతని భార్యకు చెప్పి వచ్చేవాడివి.

దానికి గడువుందని అందరి ఇళ్లల్లో చెప్పావు, మన ఇంట్లో మాత్రం చెప్పలేదు. నువ్వు పోయాక, ఆచారమని నేను గడప దాటని ఏడాదిలోనే నీ పేరున రావాల్సిన సాయానికి గడువు దాటిపోయింది.

నిన్నటితో నీ ఏడాది మాసికం అయింది. ఇవాళ నీ పాలిష్ డబ్బా తీసి, నా చెప్పులకు పాలిష్ పెట్టుకుని బోథ్ బస్సెక్కాను. ఫౌజులో నీతో పనిచేసిన లచ్చన్న ఈ మధ్యే పోయాడు. అతని భార్య గంగమణి ఇల్లు కదలడం లేదు.

"బిడ్డా, సైనిక సంక్షేమ ఆఫీసుకు నువ్వే పోవాలె. గడువు దాటితే ఇయ్యరు" అన్నాను.

ఆమె అత్త మండిపడింది. "ఏడాది నిండకముందే గడప దాటుతదా? నా కొడుకు సావుకు పైసలు అడుక్కుంటదా?"

"అడుక్కునుడు కాదవ్వా. నీ కొడుకు మంచుల నిలబడి సంపాయించుకున్న మర్యాద గది. నేను ఏడాది కూసున్న, మా ఆయనది నాకు దక్కలే."

ముసలామె లేచి లోపలికి వెళ్లింది. ఇక నన్ను పొమ్మంటుందనుకున్నాను. కోడలి చెప్పులు తెచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి, వాకిట్లో నా చెప్పుల పక్కన పెట్టింది.