నవమినాటి పనసపొట్టు కూర

జబల్పూరు,
1936 విజయదశమి.

అక్కయ్యకు బాల నమస్కారాలు. మేమిద్దరం కులాసాగానే ఉన్నాం గానీ నిన్నటి నుంచీ నాకు మెతుకు దిగడం లేదు. కవరు తెప్పించేదాకా ఆగలేక కార్డు మీదే రాసేస్తున్నాను.

ఇక్కడ బెంగాలీ గుమాస్తాలు కట్టుకున్న కాళీ గుడి తప్ప మాకు దగ్గరలో మరో అమ్మవారి గుడి లేదు. నిన్న నవమి ప్రసాదం భోజనానికి పిలిస్తే వెళ్లాం. పూజారి జంధ్యమూ, పట్టుపంచే చూసి నమ్మాను. అయినా నా జాగ్రత్త కొద్దీ, ఉల్లీ వెల్లుల్లీ వేశారా అని వచ్చీరాని హిందీలో అడిగాను. "అమ్మవారి నైవేద్యంలో అవి వేస్తామా తల్లీ!" అని నొచ్చుకున్నాడు. ఆకులో వేసిన కూర అచ్చం పనసపొట్టులా ఉంటే, ఈ అకాలంలో పనసకాయ ఎక్కడ దొరికిందా అనుకుంటూనే తిన్నాను. చేతులు కడుక్కుంటూ, కూర బాగుందని పూజారి భార్యతో అన్నాను. "పొద్దున అమ్మవారికి బలిచ్చిన మేక కదమ్మా, బాగుండకేం!" అంది. వాళ్లూ బ్రాహ్మలేనే అక్కయ్యా! ఇదే బందరులో అయితే మనవాళ్లు నన్ను గడప తొక్కనిస్తారా?

పురోహితుడు గారిని, ఎవరికోసమో అన్నట్టుగా, దీనికి ప్రాయశ్చిత్తం అడిగి రాయి. ఈ కార్డు నాన్నగారి కంట పడనీయకు. బంటుమిల్లి చేలో నీళ్లు తీశాయా? ఇటు వచ్చేవాళ్లుంటే గోంగూర పచ్చడి పంపు. పిల్లలకు నా ముద్దులు.

మావారికి ఇంకా చెప్పలేదు. ఆ కూర రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. పూజారి భార్య దగ్గరికి వెళ్లి నేర్చుకు రమ్మని పొద్దుటి నుంచీ నా ప్రాణం తీస్తున్నారు.